జెండా ఎత్తే గైక్ సిమ్ చాప మీద పడుకున్న ఏడాది

ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో లేచి నిలబడి, చేతులు ఊపుతూ చూపించాలనిపిస్తుంది. "కూర్చుని చెప్పవే అమ్మా, కళ్ళు తిరిగి పడతావ్" అంటుంది మా పెద్దమ్మాయి. కూర్చుని చెప్పే సంగతా ఇది?

గైక్ సిమ్‌దీ మాదీ ఒకే సందు. నా టైలరు కొట్టు, పక్కనే ఆమె ఇల్లు. పచ్చి జాజికాయలు చీల్చి, ఉప్పులోనూ పంచదారలోనూ ఊరబెట్టి, సీసాలకెత్తి అమ్ముతుంది. అరవై ఒకటి నిండాయి. మనిషి నా భుజం దాకా వస్తుంది, గొంతు మాత్రం సందు చివరి కాఫీ కొట్టు దాకా వినిపిస్తుంది. మలేషియాలో మా పెనాంగ్‌లో ఇలాంటి చీనా ముసలమ్మలు వీధికి పదిమంది ఉంటారు. కాని ఇరవై ఆరేళ్ళపాటు నుదుటి మీద జెండా నిలబెట్టి ఊరేగింపులో నడిచిన ముసలమ్మ మా సందులో తప్ప ఎక్కడుంది, చూపించండి.

జెండా అంటే చేత్తో ఊపే గుడ్డముక్క అనుకునేరు. ఇరవై రెండడుగుల వెదురు బొంగు. దానికి పైనుంచి సగం దాకా పట్టుగుడ్డ, అంచులకు జాలరు, కొసన చిన్న గంటలు. దాన్ని ముందు అరచేతి మీద నిలబెడతారు, అక్కణ్ణుంచి భుజం మీదికి, భుజం మీంచి నుదుటి మీదికి ఎగరేస్తారు. ఆ తర్వాత చేతులు వదిలేసి నడుస్తారు. బొంగు నేలకి తగిలితే దేవుడికి అపచారం. అందుకని ఎత్తే మనిషి చుట్టూ నలుగురు పట్టేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. ఆ జెండాలన్నీ కుట్టేది నేను. బగాన్ దాతోలో కొబ్బరితోటల మధ్య పుట్టిన తెలుగుపిల్లని, పెళ్ళయి ఇక్కడికొచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. నరసాయమ్మ అన్న పేరు వీళ్ళ నోళ్ళలో అరిగి అరిగి నర్సా అయింది.

కిందటేడు, చీనావాళ్ళ లెక్కన తొమ్మిదో నెలలో జరిగే గుడి ఊరేగింపులో గైక్ సిమ్ పడిపోయింది. బొంగు వెనక్కి వాలితే దాని కిందికి వెళ్ళబోయి నడుం పట్టేసి, నడివీధిలో చతికిలబడింది. బొంగుని పట్టేవాళ్ళు పట్టుకున్నారు, దానికేం కాలేదు. ఈమె మాత్రం లేవలేకపోయింది. లేవబోతుంది, కాళ్ళు రావు. మళ్ళీ లేవబోతుంది, మొహం నల్లబడిపోతుంది. చివరికి నూడుల్స్ బండి దగ్గరి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అందులో కూర్చోబెట్టి, నలుగురు మోసుకుపోయారు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసినవాళ్ళ వేళ్ళు విరగ్గొట్టాలనిపించింది నాకు.

"పడ్డందుకు కాదు నర్సా," అంది ఆ సాయంత్రం, నడుముకి నేను తైలం రాస్తుంటే. "ఇరవై ఆరేళ్ళలో నాలుగుసార్లు పడ్డా. కాని లేచి దులుపుకునేదాన్ని. ఈసారి ఊరంతా చూస్తుండగా గోనెసంచిలా మోశారే నన్ను."

ఆ తర్వాత వారం మా జెండా దళం పెద్ద బూన్ తైక్ వచ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, అందరూ ఆపెక్ అంటారు, పెద్దాయన అని. గైక్ సిమ్ బల్ల మీద ఇత్తడి గంటా, దాన్ని కొట్టే గుడ్డ చుట్టిన కర్రా పెట్టాడు. మా దళంలో గంట చేతికొచ్చిందంటే జెండా అయిపోయినట్టే. ఇక దేవుడి బండి పక్కన నడుస్తూ తాళం వెయ్యడమే పని. గంట పట్టుకున్నవాళ్ళెవరూ తిరిగి బొంగు పట్టలేదు, అలా రాసిపెట్టిన నియమం లేదు కాని ఎవరూ పట్టలేదు.

"ఆపెక్, ఒక్క ఏడాది ఆగు," అంది ఈమె.

"ఏడాదికి నీకు ఇంకో ఏడాది పెరుగుతుందే గాని తగ్గుతుందా?" అన్నాడాయన. ఆయన తప్పు కూడా లేదు. దళంలో ఎవరికి దెబ్బ తగిలినా వాళ్ళ పిల్లల ముందు నిలబడాల్సింది ఆయనే.

ఆసుపత్రి డాక్టరు మందులు రాసి, బరువులెత్తొద్దు, మెల్లటి వ్యాయామం ఏదైనా చేసుకోమన్నాడు. మెల్లటి వ్యాయామం అన్న మాటకే గైక్ సిమ్‌కి ఒళ్ళు మండింది. మెడ నరాలు ఉబ్బి, చెమట కంట్లోకి కారితేనే అది వ్యాయామం అని జెండా వాళ్ళ నమ్మకం.

జనవరిలో షూ వెన్ అనే అమ్మాయి నా కొట్టుకొచ్చింది, చిన్న దిండ్లు కుట్టించుకోవడానికి. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. ఆసుపత్రిలో విరిగిన కాళ్ళవాళ్ళకి నడక నేర్పే ఉద్యోగం కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు ఒకే ఇంటిపేరువాళ్ళ కుటుంబ సంఘం మేడ మీద హాలు తీసుకుని పిలాటిస్ అనే వ్యాయామం నేర్పుతోంది. నేను కొలతలు రాసుకుంటుంటే ఆ పిల్ల చూపు పక్కింటి అరుగు మీదుంది. గైక్ సిమ్ జాజికాయల పీట మీంచి లేస్తోంది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి, ఊపిరి బిగబట్టి, పళ్ళు కరిచి.

"ఆ ఆంటీ లేచేటప్పుడు ఊపిరి తియ్యట్లేదు," అంది షూ వెన్.

"జెండా ఎత్తే మనిషిలే. అలాగే అలవాటు."

"నా క్లాసుకి తీసుకురండి ఆంటీ. మీరూ రండి."

నేను గైక్ సిమ్‌కి చెప్పాను. ఏం చేయిస్తుంది అనడిగింది. ఎక్కువ భాగం చాప మీద పడుకునే చేస్తారట అన్నాను. "పడుకుని చేసేదాన్ని మా ఇంట్లో నిద్ర అంటారే. దానికి టీచరెందుకు?" అని నవ్వి, మళ్ళీ ఏమనుకుందో, "లేవడం నేర్పుతుందేమో అడుగు," అంది మెల్లగా. అడిగాను. నేర్పుతానంది. మంగళవారం, శనివారం పొద్దున్నే ఇద్దరం మేడ ఎక్కడం మొదలుపెట్టాం.

మొదటి రోజు నాకు నవ్వాగలేదు. ఎనిమిదిమంది ఆడవాళ్ళం, ఒక రిటైరైన పోస్టుమాను, అందరం వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచుకున్నాం. ముక్కుతో గాలి పీల్చి పక్కటెముకలు రెండు పక్కలకీ విప్పాలట. నోటితో మెల్లగా వదులుతూ బొడ్డుని లోపలికి లాగాలట. బిగుతు జాకెట్టుకి ఆఖరి హుక్కు పెట్టుకునేటప్పుడు లాగుతామే, అచ్చం అలాగే. ఊపిరి వదులుతూ నడుముని కింది పూస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పూసే నేల మీంచి లేపాలి, మళ్ళీ ఒక్కొక్క పూసే దించాలి. ఇంతే. చూస్తే చంటిపిల్లలాట. చేస్తే నా తొడలు వణికాయి.

గైక్ సిమ్ మాత్రం గుండె నిండా గాలి నింపి, దవడ బిగించి, ఎర్రగా కందిపోయి నడుము ఎత్తింది. షూ వెన్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆంటీ, ఊపిరెక్కడ?"

"లోపలుంది."

"వదిలెయ్యండి."

"వదిలేస్తే బలం పోద్ది. ఇరవై ఆరేళ్ళు బిగబట్టే ఎత్తా."

"ఇరవై ఆరేళ్ళు మీ పైకండలు అరుచుకుంటూ పనిచేశాయి. లోపల చిన్న కండలున్నాయి, వెన్నెముకని పట్టుకునుండేవి. వాటికి నోరు లేదు. మీరు బిగబడితే వాటికి పనే దొరకదు. ఊపిరి వదులుతూ ఎత్తండి, అవే లేస్తాయి."

గైక్ సిమ్ నావైపు తిరిగి, "నా జాజికాయ కత్తికున్నంత వయసు లేదు ఈ పిల్లకి," అంది. నిజమే, కత్తికే ఎక్కువ వయసుంటుంది.

సరే, చెప్పినట్టు చెయ్యదు కదా మా మనిషి. ఇక్కడే జెండా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పని చేసింది. పిలాటిస్‌లో వంద అని ఒకటుంది. తల కొంచెం ఎత్తి, చేతులు పక్కన చాచి, ఐదు లెక్కల పాటు గాలి పీలుస్తూ, ఐదు లెక్కల పాటు వదులుతూ, చేతుల్ని నీళ్ళ మీద తట్టినట్టు తట్టాలి. అలా వంద లెక్క. కొత్తవాళ్ళం కాబట్టి మాకు ముప్పైతోనే ఆపించేది షూ వెన్. జెండా దళంలో పెద్దలు వంద అంటే పిల్లలు మూడొందలు చెయ్యాలి, అది మా మర్యాద. పెద్దలు చెప్పినంతే చేసినవాణ్ణి సోమరి అంటారు. ఆ లెక్కన గైక్ సిమ్ ఇంట్లో తలుపేసుకుని, చాప కూడా లేకుండా గచ్చు మీద, వెయ్యి చేసిందట. వరసగా మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున నేను కొట్టు తీస్తుంటే గోడ అవతల నుంచి సన్నటి గొంతు వినిపించింది. "నర్సా, నేను మంచం మీంచి దిగలేకపోతున్నా."

కోపం ఎంతొచ్చిందంటే తైలం రాస్తూ నడుము మీద ఒకటి చరిచాను కూడా. మంగళవారం క్లాసులో నేనే చెప్పేశాను టీచరుకి, దాచలేదు. షూ వెన్ జాలిపడలేదు.

"ఆంటీ, పంచదార పాకం తీగపాకం వచ్చాక ఇంకో గంట ఉడికిస్తారా?"

"ఎందుకు ఉడికిస్తా? ముదిరిపోద్ది."

"మరి మీ వెన్నెముక ఏం పాపం చేసింది?"

  రెండు వారాలు నడక, ఊపిరి, అంతకు మించి ఏదీ చెయ్యొద్దంది టీచరు. చెయ్యలేదు. ఆ తర్వాత ఏ వ్యాయామమైనా టీచరు ఎనిమిదిసార్లంటే ఎనిమిదేసార్లు చేసింది గైక్ సిమ్. తొమ్మిదోది చెయ్యాలని చెయ్యి లాగేదట, కాఫీ కొట్టుకెళ్ళి కూర్చునేదట.

ఇక మార్పు సంగతి చెప్పాలంటే, అది చప్పుడు చెయ్యకుండా వచ్చింది. మొదట వచ్చింది నాకే. యాభై తొమ్మిదేళ్ళు, ముగ్గురు పిల్లల్ని కన్న ఒళ్ళు. పదేళ్ళుగా తుమ్మొస్తే చాలు, మోకాళ్ళు దగ్గర పెట్టుకుని దేవుణ్ణి తలుచుకునేదాన్ని. ఒకరోజు మిరపకాయల ఘాటుకి వరసగా ఐదు తుమ్ములు తుమ్మి, చీర తడవలేదని గుర్తించి, మిషను ఆపి పక్కింటికి పరిగెత్తాను. "సిమ్, ఐదు తుమ్మానే, ఐదు," అన్నాను. ఆమెకి వెంటనే అర్థమై, నన్ను పట్టుకుని ఎగిరింది. మొగవాళ్ళకి ఈ ఆనందం చెప్పినా తెలియదు.

ఆ తర్వాత ఆమెకీ ఒక్కొక్కటీ వచ్చాయి. పొద్దున్నే చెప్పుల జత వంగి తీసుకుంది. పీట మీంచి గోడ పట్టుకోకుండా లేచింది. రాత్రి పక్క మారితే మెలకువ రావడం లేదంది. నడుస్తుంటే మెడ ముందుకు వంగి ఉండేది, అది భుజాల మీదికొచ్చి కూర్చుంది. మనిషి నిజంగా వేలెడు పొడుగైందని నా టేపు చెప్పింది. నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. వానాకాలంలో మూలుగుతూనే ఉంది. కాని నొప్పికీ ఆమెకీ మధ్య ఇప్పుడు కాస్త ఎడం ఉంది, అది వస్తే ఏ పక్కకి ఒరగాలో, ఎలా ఊపిరి వదలాలో ఆమెకి తెలుసు.

ఒకరోజు షూ వెన్ మమ్మల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా ఒక పాదం ముందుకేసి లేవమంది. లేచేటప్పుడు నెత్తి మీద దిండు పెట్టింది. పోస్టుమాను దిండు మూడుసార్లు పడింది, నాది ఐదుసార్లు. గైక్ సిమ్ ఊపిరి వదులుతూ, తొందర లేకుండా, మెత్తగా లేచి నిలబడింది. దిండు కదల్లేదు. ఆమె కళ్ళలో ఏదో వెలిగింది. నాకు భయమేసింది, ఆ వెలుగు నాకు పాతికేళ్ళుగా తెలుసు.

ఆగస్టులో గంట తీసుకెళ్ళి బూన్ తైక్ ముందు పెట్టింది.

"చాప మీద దొర్లి దొర్లి నీకు మతి పోయింది," అన్నాడాయన. అప్పటికే దళంలో ఆమెకి చాపల రాణి అని పేరు పెట్టారు. "మెత్తగా పడుకుని చేసేవి మెత్తటివాళ్ళకి. బొంగు మెత్తగా ఉంటుందా?"

"బొంగు ఎలా ఉంటుందో నాకు చెప్తున్నావా ఆపెక్? నీ మనవరాలికి నేర్పింది నేను. ఎత్తించి చూడు. నచ్చకపోతే గంట నేనే తీసుకుంటా, నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోవడం ఒక్కటి చూడ్డానికైనా ఎత్తిస్తా," అన్నాడు. రెండు నెలలు వీధి వెనక ఖాళీ స్థలంలో సాధన చేయించాడు. ముందు చిన్న బొంగు, తర్వాత పెద్దది. చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. చివరికి చెప్పాడు: చేపల బజారు మూల నుంచి గుడి వాకిలి దాకా నీది. మళ్ళీ కిందపడ్డావో, ఇంక ఈ జన్మలో అడక్కు.

షూ వెన్‌కి చెబితే కాదనలేదు, ఔననలేదు. ఆ రెండు నెలలూ మెడకీ భుజాలకీ విడిగా నేర్పింది. ఒక్క మాట చెప్పింది: "బొంగు కోసం మీరు పడకండి ఆంటీ. బొంగు పోతే పట్టేవాళ్ళున్నారు."

తొమ్మిదో నెల తొమ్మిదో రోజు, మధ్యాహ్నం నాలుగు గంటలు. అగరుబత్తుల పొగ, డప్పులు, వీధికి రెండు వైపులా జనం. పసుపుపచ్చ పట్టు, ఎర్ర జాలరు, నేను మూడు వారాలు కుట్టిన జెండా. తైలం సీసా సంచిలో వేసుకుని గైక్ సిమ్ వెనకాలే నడుస్తున్నాను.  బజారు మూల దగ్గర ఆమె బొంగుని అరచేతి మీద నిలబెట్టింది. భుజం మీదికి. అక్కణ్ణుంచి నుదుటి మీదికి. గంటలు గలగలమన్నాయి. చేతులు రెండూ పక్షిలా చాచి నడిచింది. పడిన చోటు దాటేసింది. నేను ఏడుస్తున్నానని పక్కన ఎవరో చెబితే తెలిసింది.

గుడి ఇంకా యాభై అడుగులుందనగా సందు ఒకచోట సముద్రం వైపు తెరుచుకుంటుంది. అక్కడ గాలి కొట్టింది. నేను కుట్టిన ఆ పట్టు మొత్తం బుస్సుమని పొంగింది, బొంగు ఆమె మీదికి వాలింది. ఆమె ఒక అడుగు వెనక్కి, రెండో అడుగు వెనక్కి, మూడో అడుగుకి తావు లేదు, జనం ఉన్నారు. పోయిందనుకున్నాను. మోకాలు మడిచింది. రెండో మోకాలు కూడా మడిచింది. నడివీధిలో కింద కూర్చుండిపోయింది, అచ్చం కిందటేడు లాగే.

"పట్టండి పట్టండి," అని అరిచాడు బూన్ తైక్. నలుగురూ దూకారు.

గైక్ సిమ్ ఒక చెయ్యి పైకెత్తి వేళ్ళు విప్పింది. ఆగమని. అప్పుడు చూశాం పైకి. బొంగు నుదుటి మీదే ఉంది. నిట్టనిలువుగా ఉంది. ఆమె పడలేదు, బొంగు కిందికి తానే వెళ్ళింది.

డప్పులు ఎవరు ఆపమన్నారో తెలియదు, ఆగిపోయాయి. జెండా గంటలు తప్ప వీధిలో చప్పుడు లేదు. ఆమె వీపు నాకు ఎదురుగా ఉంది, నేను కుట్టిన చొక్కాలో పక్కటెముకలు విచ్చుకోవడం కనిపించింది. తర్వాత అవి మెల్లగా ముడుచుకున్నాయి. ఆ ముడుచుకోవడంతోనే కుడిపాదం ముందుకొచ్చింది. చేతులు నేలకి ఆనలేదు, మోకాలికి ఆనలేదు. నేను కూడా ఆమెతోపాటు గాలి వదులుతున్నాను, చూడ్డానికొచ్చి నా పక్కనున్న మా క్లాసు పోస్టుమాను కూడా వదులుతున్నాడు. అరవై ఒకటి నిండిన ఆడమనిషి, ఇరవై రెండడుగుల వెదురు నుదుటి మీద పెట్టుకుని, నేల మీంచి ఒక్కొక్క పూసగా లేచి నిలబడింది. తూలలేదు, తొందరపడలేదు. నిలబడ్డాక ఒక్క క్షణం ఆగి, గుడి వైపు నడిచింది.

అప్పుడు పుట్టింది చూడండి మోత. డప్పులవాళ్ళు పిచ్చెత్తినట్టు వాయించారు. గుడి వాకిట్లో పట్టేవాళ్ళు బొంగు అందుకున్నారు. షూ వెన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక ఆమె భుజాలు తడుముతోంది, ఎక్కడైనా నొప్పా అన్నట్టు. బూన్ తైక్ వచ్చాడు. ఆయన మొహం ఎర్రగా ఉంది.

"యాభై ఏళ్ళుగా జెండా చూస్తున్నా," అన్నాడు. "మోకాళ్ళ మీదికి పోయి లేచే ఈ ఎత్తు నేనెప్పుడూ చూళ్ళేదు. ఎవరు నేర్పారు? దాని పేరేంటి?"

"దానికి పేరేంటి ఆపెక్," అంది గైక్ సిమ్. "కిందికెళ్ళా. లేచా. ఈసారి ఎవరూ మొయ్యలేదు నన్ను."

 నేను ఆపుకోలేదు, గుడి వాకిట్లో అందరి ముందూ ఆమెని వాటేసుకుని బావురుమన్నాను.